గ్లాసు పోసేవారి మాట: పలాస నుంచి ఉద్దానం దాకా

భోజనానికి కూర్చున్న అతిథి "తాగడానికి ఏది బాగుంటుంది?" అని అడిగితే సర్వరు చెప్పే జవాబు రెండు మూడు మాటలకు మించదు. ఆ రెండు మూడు మాటలను ఇంత తీరిగ్గా పరిశీలించడానికి కారణం ఉంది. సీసా కొనేవారికి మూత మీద సీలు కనిపిస్తుంది. లేబుల్ మీద తయారీ తేదీ, ఆల్కహాల్ శాతం, పరిమాణం, ధర కనిపిస్తాయి. గ్లాసు కొనేవారికి ఇవేవీ కనిపించవు. సీసా ఎప్పుడు తెరిచారో, ఎక్కడ ఉంచారో, ఎంత పోశారో పోసినవారికే తెలుసు. అంటే గ్లాసు అమ్మకంలో సరుకుతో పాటు పోసేవారి మాట కూడా అమ్ముడవుతుంది. గ్లాసు వైన్ చుట్టూ లోకంలో పెరిగిన ఆచారాలు, చట్టాలు, పరిశోధనలు చాలావరకు ఆ మాటకు విలువ కట్టే ప్రయత్నాలే. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో గ్లాసు వైన్ అరుదు. అయినా కల్లు, నీరా, కొబ్బరి నీళ్లు, మజ్జిగ, చివరికి మంచినీళ్లు కూడా ఇక్కడ లేబుల్ లేకుండా గ్లాసుల్లోనే చేతులు మారతాయి. పైగా కిడ్నీ జబ్బు పాతుకుపోయిన నేల ఇది. కాబట్టి ఏది సూచించాలి, ఎలా సూచించాలి అన్న ప్రశ్న మహానగరాల్లో కన్నా ఇక్కడే బరువైనది. తెరిచిన వేళ, పోసే కొలత, తాగే మనిషి పరిస్థితి: ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోని సూచనను అతిథి నమ్మకూడదు, హోటల్ యజమాని అనుమతించకూడదు అన్నది ఈ వ్యాసం వాదన.

మొదట తెరిచిన వేళ సంగతి. మామూలు వైన్ సీసా 750 మిల్లీలీటర్లు. గ్లాసుకు 150 చొప్పున పోస్తే ఐదు గ్లాసులు. మొదటి గ్లాసు పోసిన క్షణం నుంచి మిగిలిన నాలుగింటికీ గాలి తగులుతుంది. ఆక్సిజన్ సోకిన వైన్ పండు వాసన కోల్పోయి, క్రమంగా పులుపెక్కుతుంది. మూత బిగించి చల్లగా ఉంచితే ఎర్ర వైన్ అయినా తెల్ల వైన్ అయినా మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. బుడగల వైన్ ఒకటి రెండు రోజులే. సీసాలోకి జడవాయువు పంపి గాలిని అడ్డుకునే పద్ధతులు వచ్చాయి. 2013లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన కోరావిన్ అనే పరికరం బిరడాను తీయకుండానే సన్నని సూదితో వైన్ తీసి, ఆ ఖాళీని ఆర్గాన్ వాయువుతో నింపుతుంది. ఇంత ఏర్పాటు చేసుకోలేని హోటల్‌కు దారి ఒక్కటే: తక్కువ రకాలు ఉంచడం, తెరిచిన తేదీ సీసా మీద రాయడం, రోజులు మీరినదాన్ని పారబోయడం. ఎండాకాలంలో ఈ తీరంలో ఉక్కపోత ఎంత ఉంటుందో తెలిసినవారికి ఇంకో మాట చెప్పాలి. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న సలహా చల్లని దేశాల గదులను చూసి పుట్టింది. అక్కడ దాని అర్థం 16 నుంచి 18 డిగ్రీలు. 35 డిగ్రీల గదిలో అలమర మీద నిలబెట్టిన వైన్‌ను అదే సలహా పేరుతో పోస్తే అతిథికి అందేది ఉడికిన సారాయి వాసనే.

రెండోది కొలత. దీని మీద పరిశోధన బలంగా ఉంది. బ్రిటన్‌లో గ్లాసు వైన్‌ను 125 లేదా 175 మిల్లీలీటర్లు, లేదా వాటి గుణకాల కొలతల్లోనే అమ్మాలన్న చట్టం ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి ఒక బార్‌లో, పోసే వైన్ అంతే ఉంచి గ్లాసు పరిమాణం మాత్రం పెంచి చూస్తే అమ్మకాలు 9 శాతం పైగా పెరిగాయి. అదే బృందం 2020లో తమ ప్రయోగాలన్నిటినీ కలిపి తిరిగి లెక్కించింది: ఆ ప్రభావం రెస్టారెంట్లలో 7 శాతం మేర కనిపించింది, బార్లలో స్పష్టంగా తేలలేదు. 2024 జనవరిలో వెలువడిన మరో అధ్యయనంలో, ఇంగ్లండ్‌లోని 21 చోట్ల 250 మిల్లీలీటర్ల పెద్ద కొలతను నాలుగు వారాలు తీసేస్తే అమ్ముడైన వైన్ మొత్తం 7.6 శాతం తగ్గింది. అయినా ఆ వ్యాపారుల రోజువారీ ఆదాయం తగ్గిన దాఖలా కనిపించలేదు. మన దగ్గర బ్రాందీ, విస్కీలకు 30, 60 మిల్లీలీటర్ల కొలగిన్నె వాడుకలో ఉంది. వైన్‌కు, కల్లుకు మాత్రం గ్లాసు ఎంతైతే అంతే. కల్లు తేలికైనదన్న నమ్మకం ఎంత దూరం నిజమో లెక్క వేసి చూడవచ్చు. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతానికి పులిసిన కల్లు 300 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 12 గ్రాములు. తేడా రెండు గ్రాములే. రెండో గ్లాసు సూచించే ముందు ఈ లెక్క సర్వరుకు తెలిసి ఉండాలి.

సూచనకు నిజంగా అంత శక్తి ఉందా అన్నది న్యాయమైన సందేహం. 2006లో బ్రయాన్ వాన్‌సింక్ తదితరులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎంపిక చేసిన వైన్లను సిఫార్సు చేస్తే వాటి అమ్మకం 12 శాతం పెరిగింది; కొద్దిగా రుచి చూపిస్తే 48 శాతం పెరిగింది. ఆ అంకెలను జాగ్రత్తగా తీసుకోవాలి. వాన్‌సింక్ ఇతర పరిశోధనల మీద తీవ్రమైన ఆరోపణలు వచ్చి, 2018లో జామా వైద్య పత్రికల సముదాయం ఆయన వ్యాసాలు ఆరింటిని ఉపసంహరించుకుంది. ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయానికి రాజీనామా ప్రకటించారు. అంకెలు పక్కన పెట్టినా, సూచన అమ్మకాన్ని పెంచుతుందన్న సంగతిని వ్యాపారులు తమ నడవడితోనే ఒప్పుకుంటున్నారు; లేకపోతే తమ సరుకును ముందుగా చెప్పమని కంపెనీలు ప్రోత్సాహకాలు ఇవ్వవు. శక్తి ఉన్న చోట బాధ్యత కూడా ఉండాలి. రుచి చూపించే పద్ధతిలో ఒక మేలుంది. రెండు గుక్కలు ముందే నోట పెట్టుకున్న అతిథి సర్వరు మాట మీద కాకుండా తన నాలుక మీద ఆధారపడి నిర్ణయం తీసుకుంటాడు. గ్లాసు అమ్మకంలో కొనేవారికి తిరిగి దక్కే చూపు అదొక్కటే.

భోజనానికి తగిన పానీయం అన్న విషయంలోనూ పుస్తకాల సలహాలు ఇక్కడి విస్తరికి సరిపోవు. చింతపండు పులుసు, పచ్చిమిర్చి ఘాటు, ఎండుచేపల ఉప్పదనం ఈ తీరపు భోజనానికి ఆయువుపట్టు. కారంలోని క్యాప్సైసిన్ నోటిలో వేడిని గుర్తించే నాడులను రేపుతుంది. ఆల్కహాల్ కూడా అదే నాడులను ఇంకా తేలిగ్గా రేగేలా చేస్తుంది. అందుకే ఆల్కహాల్ ఎక్కువగా, వగరు గట్టిగా ఉన్న ఎర్ర వైన్ చేపల పులుసు పక్కన మంటను పెంచి, తానూ చేదెక్కుతుంది. నాసిక్ ప్రాంతంలో తయారయ్యే, కాస్త తీపి మిగిల్చిన షెనాన్ బ్లాంక్ లాంటి తెల్ల వైన్ చల్లగా ఇస్తే ఆ పులుసుకు నప్పుతుంది. అంతకన్నా బాగా నప్పేది మజ్జిగ. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తీసేస్తుంది. అతిథి మేలు కోరే సర్వరు చేపల పులుసు పక్కన ఖరీదైన గ్లాసును పక్కనపెట్టి, చవకైన మజ్జిగ చెప్పగలగాలి. ఆ స్వేచ్ఛ యజమాని ఇవ్వకపోతే సూచన అన్న మాటకు అర్థం లేదు.

ఇక ఈ నేల సొంత పానీయాలు. ఉద్దానంలో తాటి, ఈత చెట్లు గీసే యాత, శ్రీశయన, సెగిడి కులాల కుటుంబాలు తరతరాల నైపుణ్యం ఉన్నవి. మహేంద్రగిరి వైపు కొండల్లో సవరల ఊళ్లలో జీలుగు కల్లు ఉంది. వైన్ గురించి చెప్పుకున్న తెరిచిన వేళ కల్లు విషయంలో రోజుల నుంచి గంటలకు కుదించుకుపోతుంది. చెట్టు నుంచి కారే రసం తియ్యనిది, మత్తు లేనిది. ముంతలోకి దిగిన క్షణం నుంచే గాలిలోని, ముంతలోని ఈస్టులు చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తాయి. లోపల సున్నం పూసిన ముంత కట్టి, దించగానే వడగట్టి, మంచులో ఉంచితేనే అది నీరాగా మిగులుతుంది. పొద్దున్నే దించిన నీరా మంచు లేకుండా ఎండెక్కేదాకా నిలిస్తే కల్లు దారి పడుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం 2023 మేలో నీరా కేఫ్ తెరవగలిగిందంటే వెనకాల చల్లదనపు ఏర్పాటు ఉండడం వల్లే. నీరా అని చెప్పి సగం పులిసిన రసం ఇవ్వడం పిల్లలకు, మందు ముట్టనివారికి చేసే ద్రోహం. మరో కొస చూస్తే, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కల్లు వల్లనే ఆ ప్రాణాలు పోయాయనడం సరికాదు. ముంతలో ఏం కలిసిందో తాగేవారికి తెలిసే దారి లేకపోవడం వల్ల పోయాయి. లేబుల్ లేని పానీయానికి లేబుల్ పోసే మనిషే. ఏ చెట్టుది, ఎప్పుడు దించినది, ఎవరు దించారు అన్న మూడు జవాబులు చెప్పలేని చోట కల్లు సూచించే హక్కు ఎవరికీ లేదు.

కొబ్బరి బొండాం గురించి ఎవరికీ అనుమానం రాదు. ఉద్దానం పేరు చెబితే కొబ్బరి తోటే గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చినప్పుడు ఇక్కడి బతుకే కూలింది. బొండాం తాగించడం అతిథికి మర్యాద, రైతుకు ఆసరా. అయినా తాగే మనిషి పరిస్థితి అన్న మూడో షరతు ఇక్కడే అన్నిటికన్నా గట్టిగా నిలుస్తుంది. 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. 300 మిల్లీలీటర్ల బొండాం అంటే 750 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడి కిడ్నీలు దాన్ని సునాయాసంగా బయటికి పంపిస్తాయి. కిడ్నీ జబ్బు ముదిరినవారికి వైద్యులు రోజంతటికీ పెట్టే హద్దు తరచూ రెండు మూడు వేల మిల్లీగ్రాములే. రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. మధుమేహం, రక్తపోటు లేని పొలం మనుషులను కూడా ఇది పట్టుకుంటుంది; రక్తంలో క్రియాటినిన్ చూపించుకునేదాకా చాలామందికి తెలియదు. తమకు జబ్బుందని తెలిసినవారికైనా "కొబ్బరి నీళ్లు కిడ్నీకి మంచివి" అన్న ఊరి మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటను హోటల్లో సర్వరు కూడా వల్లిస్తే ఆ సలహా ప్రాణం మీదకు తెస్తుంది.

బొండాం వద్దన్నవారికి కూల్‌డ్రింకు ఇస్తే సరిపోతుందా అంటే, అదీ సరిపోదు. ఉద్దానం జబ్బుకు ఒకే కారణం తేలలేదు. నీటిలోని సిలికా, పురుగుమందులు, భారలోహాలు, వంశపారంపర్యం, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడం, ఇలా ఎన్నో అనుమానాలు పరిశోధనలో ఉన్నాయి. ఇదే తరహా జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులను, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కూలీలను పీడిస్తోంది. అక్కడి అనుభవం నుంచి పుట్టిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ అమెరికాలో 2019లో ఒక ప్రయోగం వెలువడింది. ఆరోగ్యంగా ఉన్న 12 మందితో వేడి గదిలో నాలుగు గంటలు శ్రమ చేయించి, ఒకసారి తీపి కూల్‌డ్రింకు, మరోసారి నీళ్లు ఇచ్చారు. కూల్‌డ్రింకు తాగిన విడతలో కిడ్నీ దెబ్బతింటున్న సూచికలు ఎక్కువ కనిపించాయి. 12 మంది ప్రయోగం తుది తీర్పు కాదు; ఎండలో జీడితోటలో పని ముగించుకొచ్చిన మనిషికి ముందుగా ఏం ఇవ్వాలో చెప్పడానికి మాత్రం చాలు. ఆయనకు కావలసింది శుభ్రమైన నీళ్లు. హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్ల రూపాయల పథకంతో ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చారు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ప్రభుత్వం నీటికి ఇంత విలువ కట్టిన చోట, హోటల్ బల్ల మీద పెట్టే నీళ్ల గ్లాసు ఏ కుళాయిదో చెప్పడం కూడా సూచనలో భాగమే. డయాలసిస్ మీద ఉన్నవారికి ఆ నీళ్లు కూడా కొలతే. మొహమాటానికి రెండో గ్లాసు నింపడం వారికి సాయం కాదు.

అన్ని పానీయాల్లోనూ ఈ ప్రాంతం ఎక్కువ చేజార్చుకుంటున్నది జీడిపండు. పలాస పేరు జీడిపప్పుతో దేశమంతా తెలుసు. పిక్కను తీసుకుని, దానికన్నా అనేక రెట్లు బరువున్న పండును తోటలోనే వదిలేయడం ఇక్కడి అలవాటు. విటమిన్ సి లో జీడిపండు నారింజను కొన్ని రెట్లు మించుతుంది. గొంతు పట్టేసే వగరే దానికి అడ్డు. ఆ వగరుకు కారణమైన టానిన్లను సగ్గుబియ్యం గంజితో తేర్చవచ్చని కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలాకాలంగా చేసి చూపిస్తోంది. గోవాలో ఆ పండు రసం పులియబెట్టి కాచిన ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకు ఇంకా దగ్గరగా, భువనేశ్వర్ పరిశోధకులు జీడిపండు రసాన్ని సుమారు 7 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్‌గా పులియబెట్టి 2006లో ఫలితాలు ప్రచురించారు. కేరళ 2022లో పండ్ల నుంచి చిన్న స్థాయిలో వైన్ తయారీకి నియమాలు చేసింది. పలాసలో గ్లాసు వైన్ అన్న మాటకు నిజమైన అర్థం ఎప్పటికైనా వస్తే అది నాసిక్ ద్రాక్షతో కన్నా ఉద్దానం జీడిపండుతో రావడం న్యాయం. మార్చి నుంచి మే దాకా మాత్రమే దొరికే పండు, రాలిన రోజే వాడకపోతే పాడయ్యే పండు కాబట్టి, హోటల్ దాన్ని ఏడాదంతా రాసి ఉంచకూడదు. కిడ్నీ మందగించినవారికి ఇక్కడ కూడా హద్దు ఉంది: ఎక్కువ మోతాదు విటమిన్ సి శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది, అది దెబ్బతిన్న కిడ్నీకి భారం.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది మద్యం గురించినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. అంత పోరాడిన రాష్ట్రంలో, అదీ కూలి డబ్బులు మందుల షాపుకూ మందు షాపుకూ మధ్య చీలిపోయే చోట, మద్యాన్ని నేర్పుగా సూచించడం గురించి రాయడమేమిటని అడగవచ్చు. ఏ మోతాదు మద్యమూ క్షేమకరం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది కూడా. ఆ మాటను పూర్తిగా అంగీకరించిన తర్వాతే ఈ వాదన నిలబడుతుంది. లైసెన్సు ఉన్న బార్లో మద్యం ఎలాగూ పోస్తున్నారు. దాన్ని కొలత లేకుండా, తెరిచిన వేళ చెప్పకుండా, ఖరీదైనదే ముందు చెప్పి పోయడమా, లేక చిన్న కొలతతో, అడిగితేనే, పక్కన నీళ్ల గ్లాసుతో పోయడమా అన్నదే మిగిలిన ప్రశ్న. పెద్ద కొలత తీసేసిన ఇంగ్లండ్ అధ్యయనం చెప్పింది అదే: ఎవరినీ బలవంతపెట్టకుండానే తాగడం తగ్గింది. అడగని అతిథికి మద్యం పేరెత్తకపోవడం, జబ్బు ఉందని చెప్పిన అతిథికి మద్యం సూచించకపోవడం ఈ పద్ధతిలో మొదటి నియమాలు.

రెండో అభ్యంతరం మర్యాదకు సంబంధించినది. "మీకు కిడ్నీ జబ్బు ఉందా?" అని నలుగురి ముందు అడిగితే ఏ అతిథికైనా మనసు నొచ్చుకుంటుంది. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఉద్దానం పేరు చెప్పి వెనకాడే రోజుల్లో ఆ ప్రశ్న ఇంకా గుచ్చుకుంటుంది. అలా అడగనక్కరలేదు. బొండాం తెచ్చేవారు "పొటాషియం ఎక్కువండి, డాక్టరు గారు వద్దన్నవారికి మజ్జిగో నీళ్లో తెస్తాం" అని అందరికీ ఒకేలా చెబితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు. ఆ వాక్యాన్నే ధరల పట్టికలో అచ్చు వేయవచ్చు. అయితే మజ్జిగ కూడా అందరికీ సరిపడదు, దానిలోని ఉప్పు, పొటాషియం కూడా కొందరికి లెక్కే. కాబట్టి చివరి మాట అతిథిదీ, ఆయన వైద్యుడిదీ. సర్వరు చేయగలిగింది సమాచారాన్ని ముందుగా, సమానంగా, వినయంగా అందించడం. జబ్బు లేనివారికి ఆ ఒక్క వాక్యం వల్ల పోయేదేమీ లేదు.

మూడో అభ్యంతరం చిన్న హోటల్ శక్తి గురించినది. కాశీబుగ్గలో ఇద్దరు పనివాళ్లతో నడిచే భోజనశాలకు, జాతీయ రహదారి పక్కన దాబాకు, శిక్షణ పొందిన నిపుణుడు ఎక్కడి నుంచి వస్తాడన్నది నిజమైన ఇబ్బందే. పైన చెప్పినదాంట్లో దేనికీ పెద్ద చదువు అవసరం లేదు. సీసా మీద తేదీ రాయడానికి కలం చాలు. కొలతకు ఒక గీత ఉన్న గ్లాసు చాలు. నీరాకు మంచు పెట్టె చాలు, అదీ లేకపోతే నీరా అమ్మకుండా ఉండే నిజాయితీ చాలు. కష్టమైనది ఒక్కటే: ఏ కంపెనీ సరుకు ఎక్కువ అమ్మితే అంత ముడుపు అన్న పద్ధతిని సర్వరు జీతం నుంచి విడదీయడం. ఆ ముడుపు ఉన్నంతకాలం అతిథి అడిగిన "ఏది బాగుంటుంది?" అన్న ప్రశ్నకు జవాబు ఆయన కోసం రాదు. దీనికి పరిష్కారం యజమాని చేతిలోనే ఉంది. ప్రోత్సాహకం ఇవ్వదలచుకుంటే పానీయం అమ్మకం మీద కాకుండా మొత్తం భోజనం మీద అందరికీ సమానంగా ఇవ్వవచ్చు.

ఇన్ని ఆధారాలు కలిపి చూస్తే పలాస, టెక్కలి హోటళ్లకు ఒక చిన్న పట్టిక సరిపోతుంది: నీళ్లు ఎక్కడివో చెప్పి ముందు పెట్టడం, మజ్జిగ, బొండాం వాటి హెచ్చరికతో, జీడిపండు రసం సీజన్లో మాత్రమే, నీరా మంచులో ఉన్నంతసేపే, లైసెన్సు ఉన్న చోట, అడిగినవారికి, చిన్న కొలతలో మద్యం. జిల్లా ఉద్యాన శాఖ జీడిపండు రసం తేర్చే పద్ధతిని తోటల దగ్గరే నేర్పితే, ఆహార భద్రతా అధికారులు లేబుల్ లేని పానీయానికి దించిన వేళ, మూలం చెప్పాలన్న నియమాన్ని తనిఖీలో చేర్చితే, ఈ పట్టికకు బలం వస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ అతిథి స్వేచ్ఛను తగ్గించదు. ఇంతవరకు గోడ వెనక ఉన్న సమాచారాన్ని ఆయన ముందుకు తెస్తుంది. గ్లాసు వైన్ వ్యాపారం లోకానికి నేర్పిన పాఠాల్లో మనకు పనికొచ్చేది అదే. ద్రాక్ష రకాల పేర్లు తెలియకపోయినా, తన చేతిలోని గ్లాసులో ఏముందో, అది ఎదుటి మనిషికి ఏం చేస్తుందో తెలిసిన సర్వరు ఉద్దానంలో ఒక్కో హోటల్‌కు ఒక్కరున్నా, ఈ తీరంలో ఆతిథ్యం తనకు అసలు అవసరమైన నైపుణ్యాన్ని సంపాదించుకున్నట్టే.